పరంజ్యోతి గారి చుట్టుదారి

పరంజ్యోతి గారు ఏ చోటికీ సూటిగా వెళ్లరు. స్కూటరు మీదైనా, కాలినడకనైనా, మాటల్లోనైనా ఆయనది ఒకటే పద్ధతి. ఎదురుగా తిన్నని దారి కనిపిస్తే దాన్ని అనుమానంగా ఒకసారి చూసి పక్కసందులో దిగుతారు. ఆయన ఇల్లు కోవూరులో. పాఠం చెప్పే ఇంజనీరింగ్ కాలేజీ వెంకటాచలం దగ్గర, హైవే పక్కన. పెన్నా వంతెన దాటి, నెల్లూరు దాటి, అదే రోడ్డున పోతే కాలేజీ గేటు దానంతట అదే తగులుతుంది. పరంజ్యోతి గారు మాత్రం వంతెన దిగగానే తూర్పుకు తిరిగి, సముద్రపు గాలి ముఖాన కొట్టేదాకా పోయి, ముత్తుకూరు మీదుగా మళ్లీ పడమటికి వచ్చి, కాలేజీలోకి వెనక గేటు నుంచి ప్రవేశిస్తారు. ఆయనకు మొదటి పీరియడు ఇవ్వడం ప్రిన్సిపాల్ ఎప్పుడో మానుకున్నారు.

ఇది వయసుతో వచ్చింది కాదు. పెళ్లి నాటికే ముదిరి ఉంది. పెళ్లికూతురు ఫ్లోరా కావలి చర్చిలో తెల్లచీర కట్టుకుని నిలబడి ఉంది. పెళ్లికొడుకుది బోగోలు. కావలికి ఎంతో దూరం లేదు. కారెక్కిన పెళ్లికొడుకు, ఇంత ముఖ్యమైన పనికి పోతూ సముద్రానికి చెప్పకుండా పోవడం ఏం మర్యాద అని కారును తూర్పుకు తిప్పించాడు. అక్కడ ఇసుకలో చక్రం దిగబడింది. వల లాగుతున్నవాళ్లు వల వదిలేసి వచ్చి కారు లాగారు. ఈలోగా చర్చిలో పాస్టరు గారు తనకు వచ్చిన కీర్తనలన్నీ పాడించి, రానివి కూడా మొదలుపెట్టారు. చివరికి పెళ్లికొడుకు ప్యాంటు అంచుల నిండా ఇసుకతో, జాలర్లు కానుకగా ఇచ్చిన వంజరం చేపతో దిగాడు. ప్రమాణాలు అయ్యేదాకా ఆ చేపను తోడి పెళ్లికొడుకే పట్టుకున్నాడని ఫ్లోరా ఇప్పటికీ చెబుతుంది. చెప్పేటప్పుడు నవ్వదు.

కోవూరు చర్చిలో నెలకొకసారి సాక్ష్యాల ఆదివారం ఉంటుంది. దేవుడు తమకు చేసిన మేలును లేచి నిలబడి నలుగురికీ చెప్పుకుంటారు. జ్వరం తగ్గినవాళ్లు జ్వరం సంగతి చెప్పి కూర్చుంటారు. పరంజ్యోతి గారికి ఒకసారి పంటినొప్పి తగ్గింది. ఆ సాక్ష్యం గూడూరులో వాళ్ల తాతగారి నిమ్మతోటతో మొదలైంది. తోటలో బావి తవ్వారు, బావిలో బండ పడింది, బండ పగలగొట్టడానికి కడప వైపు నుంచి మనుషులు వచ్చారు, వాళ్ల మేస్త్రీ పుగాకు నమిలేవాడు. సంఘ కార్యదర్శి గిద్యోను గారు మొదట గడియారం చూశారు, తర్వాత గడియారం చూడడం మానేసి కళ్లు మూసుకున్నారు. కథలోకి పన్ను వచ్చేసరికి సంఘస్థుల ఇళ్లలో సిమ్‌లో పెట్టి వచ్చిన కూరలు అడుగంటాయి. ఆ తర్వాత నుంచి ఆయన సాక్ష్యాన్ని ముగింపు ఆశీర్వాదం అయ్యాక పెడుతున్నారు. ఉండదలచినవాళ్లు ఉంటారు.

ఇటువంటి మనిషి దగ్గర పీహెచ్‌డీకి చేరింది ఫేబీ.

ఆమె అదే కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. ఉండేది నెల్లూరులో, తల్లితో. తండ్రి లేడు. ఇంటికి ఆ ఉద్యోగమే ఆధారం. స్వభావానికి పరంజ్యోతి గారికి పూర్తిగా వ్యతిరేకం. గీత గీసినట్టు నడుస్తుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది, జవాబు చెప్పాక ఆగిపోతుంది. పరిశోధన అంటే తిన్నగా వెళ్లి తలుపు తట్టడం అనుకుని వచ్చింది. మొదటిరోజే పరంజ్యోతి గారు ఆమెను కూర్చోబెట్టి, నెల్లూరు నుంచి కావలికి ఏ బస్సు మంచిది అని అడిగారు.

"నాన్‌స్టాప్ సార్," అంది ఫేబీ.

"ఎవరికి మంచిది? ఎక్కినోడికి మంచిది. దార్లో ఊళ్లకి ఏం ఒరిగినాది? వచ్చినాది, పోయినాది. అదే పల్లెవెలుగు అనుకో, ప్రతి సందులో దూరి, ప్రతి చెట్టు కాడా ఆగి పోతాది. ఎక్కేవాళ్లు ఎక్కతారు, దిగేవాళ్లు దిగతారు. మన పనంతా ఇంతేనమ్మా. వెలుగుని నాన్‌స్టాప్ నుంచి దించి పల్లెవెలుగు ఎక్కించాల."

ఆయన జీవితమంతా పెట్టిన పని నిజంగా ఇదే. ఎండను కరెంటుగా మార్చే పలకల్లో ఒక రకం ఉంది. గాజు మీద సిలికాన్‌ను తలవెంట్రుకలో పాతికో వంతు మందాన పొరలుగా పోస్తారు. ఒకదాని కింద ఒకటి రెండు పొరలు. పై పొర నీలం వెలుగును తింటుంది, తను తినలేని ఎరుపును కింది పొరకు వదులుతుంది. పొరలు పల్చన కాబట్టి సరుకు ఆదా. అదే పల్చదనం వల్ల వెలుగు, ముఖ్యంగా ఎరుపు, ఆగకుండా దూసుకుపోతుంది. కింది పొరకు కడుపు నిండదు. రెండు పొరలూ ఒకే గొలుసులో ఉన్నాయి కనుక, కడుపు నిండని పొర ఎంత కరెంటు ఇస్తే మొత్తం పలక అంతే ఇస్తుంది. అందుకని గాజును గరుకు చేసి, అడుగున అద్దంలాంటిది పెట్టి, లోపలికి వచ్చిన వెలుగును వంకరటింకరగా తిప్పాలి. ఎంత తిరిగితే అంత తినబడుతుంది. లోకమంతా మందపాటి సిలికాన్ పలకల వైపు సూటిగా వెళ్లిపోయినా పరంజ్యోతి గారు ఈ పల్చటి పొరల దగ్గరే ఉండిపోయారు. వెలుగు కూడా తనలాగే నడవాలని ఆయన పట్టుదల అని స్టాఫ్ రూములో అనుకునేవాళ్లు.

ఫేబీ పరిశోధనకు చేరిన రెండో ఏట ఒక సంఘటన జరిగింది. చెన్నైలో ఒక సెమినారులో ఆమె మాట్లాడుతుంటే, ముందు వరసలో ఒక పెద్దమనిషి లేచి, మీ గ్రాఫులో నిలువు గీత కొలమానమే తప్పు అని అందరి ముందూ అన్నాడు. అన్నది నిజమే. చిన్న తప్పే. ఫేబీ తలాడించి, మిగతాది ముగించి, దిగి వచ్చి, మర్నాటి నుంచి ల్యాబుకు రావడం మానేసింది. పాఠం చెప్పడం, ఇంటికి పోవడం. చదువు తనవల్ల కాదని తల్లితో చెప్పేసింది. ఒక ఆదివారం సాయంత్రం పరంజ్యోతి గారు వాళ్లింటికి వచ్చారు. సెమినారు మాట ఎత్తలేదు. ల్యాబు మాట ఎత్తలేదు. చింతపండులో గింజ తీయడానికి బోగోలు వైపు ఒక పద్ధతి, కోవూరు వైపు ఒక పద్ధతి ఎందుకు ఉన్నాయో ఆమె తల్లికి వివరించి, రెండు సార్లు కాఫీ తాగి వెళ్లిపోయారు. గురువు గారు మనింటికి ఎందుకు వచ్చినట్టు అని తల్లి అడిగింది. చింతపండు కోసం అంది ఫేబీ. మర్నాడు ఎందుకో ల్యాబుకు వెళ్లింది.

ఏళ్లు గడిచాయి. యూనివర్సిటీ ఇచ్చిన గడువు అయిపోయింది, పొడిగించిన గడువూ అయిపోవచ్చింది. వేసవి సెలవులు ముగిసేలోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. పీహెచ్‌డీ లేనివాళ్లను వచ్చే ఏడు కొనసాగించేది లేదని కాలేజీ యాజమాన్యం కూడా తేల్చి చెప్పింది. అంటే థీసిస్ పోతే ఉద్యోగమూ పోతుంది. ఫేబీ పగలంతా ల్యాబులో, సాయంత్రమంతా కంప్యూటరు ముందు కూర్చుని నాలుగు అధ్యాయాలు ముగించింది. ఐదోది గుండెకాయ లాంటిది. దాన్ని పట్టుకుని గురువు గారి గదికి వెళ్లింది.

ఆ అధ్యాయంలో ఆమె చెప్పింది ఇది. పలక అడుగున వెండి పూత పూస్తారు, కిందిదాకా వచ్చిన వెలుగును వెనక్కి తిప్పడానికి. ఆ వెండిని కూడా గరుకుగా పూస్తే వెలుగు అడ్డదిడ్డంగా తిరిగి ఎక్కువసేపు లోపల ఉంటుంది. ఫేబీ అలాగే పూసింది. పలకలోకి వెళ్లిన వెలుగులో తిరిగి బయటికి వచ్చింది చాలా కొద్ది. మిగిలినదంతా సిలికాన్ తినేసినట్టే కదా. ఇంత బాగా వెలుగును మింగిన పలక ఆ ల్యాబులో ఇంతవరకు లేదు. ఒక్కటే చిక్కు. అంత వెలుగు తిన్నా కరెంటు పెరగలేదు. దానికి ఫేబీ దగ్గర కారణం సిద్ధంగా ఉంది. ఉప్పుగాలి.

ఆ ల్యాబులో ఏది చెడినా ఉప్పుగాలి మీదకు తోయడం ఆనవాయితీ. సముద్రం అంత దగ్గర. తీగలు తుప్పు పడతాయి, అతుకులు నల్లబడతాయి. మీటరు సరిగ్గా చూపకపోతే ఉప్పుగాలి. ఫ్యాను తిరగకపోతే ఉప్పుగాలి. విద్యార్థి ఫెయిలైతే కూడా ఉప్పుగాలే అని ఒక లెక్చరరు అనేవాడు. నెల్లూరు తీరంలో చదువుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది. తన పలక అతుకుల్లో ఉప్పుగాలి చేరి కరెంటును అడ్డుకుంటోందని ఫేబీ నమ్మింది, దాని మీద ముప్పై పేజీలు రాసింది.

పరంజ్యోతి గారు ఆ ముప్పై పేజీలూ చదివారు. చదివి కళ్లజోడు తీశారు. ఫేబీ పెన్ను ముందుకు జరిపింది, సంతకం కోసం.

"మా బోగోలులో ఒక పెళ్లి జరిగినాది," అన్నారాయన.

ఫేబీ పెన్ను వెనక్కి తీసుకుంది.

"దండిగా వండినారు. గుండిగలన్నీ ఖాళీ అయినాయి. ఇస్తరాకుల్లో మెతుకు మిగల్లా. అయినా బంతిలో కూర్చున్నోళ్లంతా ఆకలితో లేచినారు. యాడికి పోయినట్టమ్మా కూడు?"

తక్కువ వండి ఉంటారు అంది ఫేబీ. తక్కువ వండలేదన్నారు ఆయన. అయితే ఎవరో మోసుకుపోయి ఉంటారు. పందిట్లో నుంచి మెతుకు బయటికి పోలేదన్నారు. ఫేబీకి ఓపిక అయిపోయింది. బయట, సంతకమైన కాగితాలు తీసుకునే క్లర్కు గది మూసేసే వేళ కావస్తోంది.

"ఉప్పుగాలికి పాసిపోయుంటాది సార్," అంది.

పరంజ్యోతి గారు కోప్పడలేదు. అధ్యాయం తన దగ్గర ఉంచుకుని, తర్వాత మాట్లాడదాం అన్నారు.

తర్వాత అంటే ఎప్పుడని ఫేబీ వారం పాటు అడిగింది. ఆ వారంలో ఆయన ఆమెకు ఉప్పు మడుల గురించి, వాళ్ల నాన్న సైకిలు గురించి, రొయ్యల గుంటల్లో గాలి మరలు ఎందుకు తిరుగుతాయో దాని గురించి చెప్పారు. సంతకం గురించి చెప్పలేదు. ఫేబీ ఇంటికి వచ్చి తల్లి ముందు ఏడ్చింది. ఆయనకు అందరూ తీరిక మనుషులేనని, తన మెడ మీద కత్తి ఉందని ఆయనకు పట్టదని అంది. ఏడ్చిన మర్నాడే ఆయన పిలిచి ఒక పని చెప్పారు.

ఫ్లోరాకు కళ్ల ఆపరేషను అయిందట. మామూలు అద్దంలో చూసుకుంటే తళుక్కుమని కళ్లలో పొడుస్తోందట. నీ గరుకు గాజు పలకల్లో పెద్దది ఒకటి తీసుకుని, దాని మీద నీ పలకలకు పూసే వెండే, అదే మందాన పూసి ఒక అద్దం చేసి ఇవ్వమన్నారు. ఫేబీ తన చెవులను తను నమ్మలేకపోయింది. నెల రోజుల్లో గడువు. గురువు గారి భార్యకు అద్దం.

"సార్, నా ఐదో చాప్టరు?"

"అద్దం అయినాక చూద్దాంలేమ్మా. ముందు నువ్వే తీసకపోయి ఆమె చేతిలో పెట్టు."

కాదనలేక చేసింది. పళ్లు కొరుకుతూ చేసినా పని మాత్రం పద్ధతిగా చేసింది, అది ఆమె గుణం. చెక్క చట్రం కూడా వేయించి, ఒక శనివారం పొద్దున కోవూరు తీసుకువెళ్లింది. ఫ్లోరా దాన్ని అందుకుని, ముందుగదిలో కిటికీ పక్కన, కొత్తగా సున్నం వేసిన గోడకు తగిలించింది. మేకు అప్పటికే కొట్టి ఉంది. తగిలించి, వెనక్కి జరిగి, నడుం మీద చేయి పెట్టుకుని చూసింది.

"ఇందులో నా ముఖం లేదు ఫేబీ," అంది.

గరుకు అద్దంలో ముఖం కనిపించదని, వెలుగు చెదిరిపోతుందని ఫేబీ వివరించింది. ఫ్లోరా విన్నది.

"ముఖం లేకపోతే పోయినాది. వచ్చిన వెలుగన్నా తిరిగి రావాల గదా. ఈ సున్నం గోడ జూడు, తెల్లంగా ఉండాది. నీ వెండి జూడు, కామెర్లు పట్టినట్టుండాది. వెండి కన్నా సున్నమే నయం గదమ్మా."

ఫేబీ చూసింది. కిటికీలోంచి పడుతున్న ఎండ గోడ మీదా ఒకటే, అద్దం మీదా ఒకటే. గోడ తెల్లగా మెరుస్తోంది. దాని మధ్యలో తను పూసిన వెండి మురికి పసుపు రంగులో, మబ్బుగా ఉంది. ఆ వెండి వెలుగును తిప్పి పంపడం లేదు. తినేస్తోంది. బోగోలు పెళ్లిలో కూడు ఎవరు తిన్నారో ఆమెకు ఆ క్షణంలో తెలిసింది. వడ్డించేవాళ్లే తిన్నారు.

కాఫీ తాగకుండానే బయల్దేరింది. శనివారమైనా ల్యాబు తెరిపించి వెండిని విడిగా కొలిచింది. నునుపు వెండి బుద్ధిగా వెలుగును తిప్పి పంపుతోంది. గరుకు వెండి అలా కాదు. వెలుగు లోపల ఎంత తిరిగితే అన్నిసార్లు వెండిని తాకుతుంది, తాకినప్పుడల్లా వెండి ఒక కొరుకు కొరుకుతుంది. సిలికాన్ తింటోందని తను రెండేళ్లుగా మురిసిపోయిన వెలుగులో పెద్ద వాటా వెండి పొట్టలో వేడిగా కరిగిపోయింది. ఉప్పుగాలికి ఈ పాపంతో సంబంధం లేదు.

ఆ రాత్రి ఆమె ఏడవలేదు. అది ఆమెకే ఆశ్చర్యం. తప్పు తనదే, పట్టుకున్నదీ తనే. చెన్నై సెమినారులో లాగా ఎవరూ నిలబెట్టి చెప్పలేదు. తన తప్పును తను పట్టుకున్నప్పుడు అవమానం కన్నా ఆకలి ఎక్కువగా ఉంటుందని ఆమెకు మొదటిసారి తెలిసింది.

సోమవారం నాడు ముప్పై పేజీలు తీసేసి కొత్తగా మొదలుపెట్టింది. వెండి వద్దు. అడుగున కరెంటును మోసే పారదర్శకమైన పూత ఒకటి, దాని వెనక ఉత్త తెల్లరంగు. క్రిస్మస్‌కు కోవూరు చర్చి గేటుకు వేయగా మిగిలిన తెల్ల ఎనామిల్ డబ్బా గిద్యోను గారి దగ్గర ఉంటే అడిగి తెచ్చుకుంది. దేనికమ్మా అని ఆయన అడిగితే, వెలుగును వెనక్కి పంపడానికి అంది. ప్రార్థన చేసి ఇచ్చారు. ఆ రంగు పూసిన పలకలో నుంచి వెలుగు మునుపటికన్నా కాస్త ఎక్కువే బయటికి వచ్చింది. చూడడానికి అది వెనకడుగు. మీటరు మాత్రం వేరే మాట చెప్పింది. కింది పొర కడుపు నిండింది, కరెంటు పెరిగింది. ఫేబీ తన తప్పును, దాన్ని పట్టుకున్న తీరును, దిద్దిన తీరును దాచకుండా ఐదో అధ్యాయంగా రాసింది. పరంజ్యోతి గారు ఈసారి చదివి సంతకం పెట్టారు. సంతకం పెట్టే ముందు పెన్నులో సిరా ఎక్కడి నుంచి వస్తుందో చెప్పారు కానీ గడువు దాటకుండానే థీసిస్ వెళ్లింది.

కొన్ని నెలల తర్వాత వైవా. యూనివర్సిటీ హాలులో పెద్ద బల్ల, బల్లకు అటు ప్రొఫెసర్లు, ఇటు ఫేబీ, పక్కన గైడు కుర్చీలో పరంజ్యోతి గారు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు జయరామయ్య గారు. ఆయనకు ఆ రంగంలో మంచి పేరు, మొహమాటం లేని మనిషని అంతకన్నా పెద్ద పేరు. మొదటి నాలుగు అధ్యాయాలూ ప్రశాంతంగా గడిచాయి. ఐదో అధ్యాయం దగ్గర ఆయన పేజీ మీద వేలు పెట్టి ఆగారు. ఈ థీసిస్‌లో విలువైనది ఇదేనని, అందుకే దీని సంగతి తేల్చుకోవాలని అన్నారు. రెండేళ్ల క్రితం ఇదే పలక వెలుగును ఎంత బాగా మింగుతుందో గొప్పగా చెబుతూ ఒక సదస్సులో మీరు చదివిన పత్రం నా దగ్గర ఉంది, దాని మీద మీ గైడు పేరు కూడా ఉంది, అన్నారు. తర్వాత ప్రశ్న సూటిగా వచ్చింది.

"ఈ లోపం పట్టుకుంది మీరా, మీ గైడా?"

నేనే అంది ఫేబీ. గురువు చెబితే దిద్దుకున్న తప్పుకు ఎవరూ డాక్టరేటు ఇవ్వరు. జయరామయ్య గారు పరంజ్యోతి గారి వైపు తిరిగారు. మీరేమంటారని అడిగారు.

హాలులో ఉన్నవాళ్లందరికీ పరంజ్యోతి గారు తెలుసు. శాఖాధిపతి వాచీ తీసి బల్ల మీద పెట్టారు. వెనక వరసలో ఒకరు టీకి చెప్పమని సైగ చేశారు. పరంజ్యోతి గారు లేచారు.

"నాకు కనపడలేదండీ. ఆ పిల్లే పట్టుకునింది."

కూర్చున్నారు.

ఇంకేమన్నా వస్తుందేమోనని అందరూ ఎదురుచూశారు. రాలేదు. జయరామయ్య గారి ముఖం గంభీరంగా మారింది. రెండేళ్ల పాటు ఒక గైడు కళ్ల ముందు ఇంత తప్పు ఉంటే చూడకపోవడం సరి కాదని, విద్యార్థి అదృష్టవంతురాలు గనక బయటపడిందని అన్నారు. అవునండీ అన్నారు పరంజ్యోతి గారు, తల వంచి. వెనక వరసలో ఎవరో, పెద్దాయనకు వయసు మీద పడిందని పక్కవాళ్లతో గుసగుసలాడారు. ఆ మాట సాయంత్రానికల్లా కాలేజీ దాకా వెళుతుందని, ఇకమీదట ఆయనకు కొత్త విద్యార్థులను ఇవ్వరని ఫేబీకి అర్థమైంది. తనకు డిగ్రీ ఇస్తున్నట్టు ప్రకటిస్తుంటే అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా ఎక్కువసేపు కొట్టింది పరంజ్యోతి గారే. ఆ చప్పట్ల మధ్య ఫేబీకి ఆయన మీద జాలి కలిగింది. పాపం, ఆయనకు నిజంగానే కనిపించలేదు అనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం కోవూరులో భోజనానికి పిలిచారు. ఫ్లోరా వంటింట్లో చేపల పులుసు దించుతోంది. ఫేబీ ఆమెకు సాయంగా గిన్నెలు అందిస్తూ, ఆంటీ, కళ్లు ఎట్లా ఉన్నాయి, ఆపరేషను అయినాక ఇబ్బంది ఏమన్నా ఉందా అని అడిగింది.

"నాకు కళ్ల ఆపరేషను ఎప్పుడయినాదమ్మా?" అంది ఫ్లోరా.

మరి ఆ అద్దం దేనికి చేయించారు అని అడిగింది ఫేబీ.

ఫ్లోరా గరిటె పక్కన పెట్టి, పమిటతో చేతులు తుడుచుకుంది. ఇక దాచేదేముందిలే అని చెప్పింది. నీ ఐదో చాప్టరు ఇంటికి తెచ్చిన రోజు ఆయన అన్నం తినలేదు. ఆ పిల్ల వెండి కాడ తప్పు చేసినాది, తిన్నగా చెప్తే గుండె పగిలి మళ్లీ మానేస్తాది, చెప్పకపోతే థీసిస్ పోతాది, యాడ నుంచి తిప్పకరావాల్నో తెలీడంలా అని వసారాలో అటూ ఇటూ తిరిగినాడు. ముందు పెళ్లి కథ చెప్పినాడంట గదా. అది నీకు ఎక్కలేదని వచ్చి చానా బాధపడినాడు. అప్పుడు ఆయనే గోడకు సున్నం కొట్టినాడు. మేకు కొట్టినాడు. నువ్వు అద్దం తెచ్చినప్పుడు ఏం అనాల్నో నాకు మూడు సార్లు చెప్పించినాడు.

"వెండి కన్నా సున్నం నయం అనేది ఆయన మాట. కామెర్లు మాత్రం నేను కలిపినా," అంది ఫ్లోరా, కాస్త గర్వంగా.

ఫేబీ గిన్నె కింద పెట్టింది. నిన్న హాలులో ఆయన తల వంచి అవునండీ అన్న మాట గుర్తొచ్చింది. తను పడిన జాలి గుర్తొచ్చి సిగ్గేసింది. ఇన్నేళ్లలో ఆయన నోటి నుంచి తను విన్న సూటి మాట, నాకు కనపడలేదండీ అన్నది ఒక్కటే. అది కూడా అబద్ధం. దాని కోసం ఆయన తన జీవితమంతా సంపాదించుకున్న మంచి పేరును అందరి ముందూ, ఒక్క ముక్కలో, బల్ల మీద పెట్టేశారు. ఫేబీకి ఆయనంటే అప్పటిదాకా గౌరవం ఉండేది, విసుగు ఉండేది. ఆ క్షణాన ప్రేమ పుట్టింది. కన్నతండ్రి మీద పుట్టే ప్రేమ లాంటిది.

ఆయన వసారాలో కుర్చీలో కూర్చుని, ఎదురుగా కొబ్బరిచెట్టు నీడ గోడ మీద ఎంత వంకరగా పడుతోందో చూస్తున్నారు. ఫేబీ వెళ్లి ఎదురుగా నిలబడింది.

"సార్, నిన్న మీరు అబద్ధం చెప్పినారు."

పరంజ్యోతి గారు ఆమె ముఖం చూశారు, వంటింటి వైపు చూశారు. సంగతి అర్థమైంది. సూటిగా వచ్చిన మాటకు ఎదురుగా నిలబడడం ఆయనకు ఎప్పుడూ కష్టమే. కళ్లజోడు తీసి, లుంగీ అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"అబద్ధం అనేది అంత తేలికగా తేలే విషయం కాదమ్మా," అన్నారు. "అది తెలియాల్నంటే ముందు మా మేనమామ గేదె సంగతి నీకు చెప్పాల. అది ఎట్టాంటి గేదె అంటే..."

ఇంతకాలం ఇలాంటి మాట వినగానే ఫేబీ చేయి దానంతట అదే వాచీ వైపు వెళ్లేది. ఇప్పుడు ఆమె ఒక స్టూలు లాక్కుని, దగ్గరగా వేసుకుని కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా తుడుచుకోలేదు. గేదెను ఏ సంతలో కొన్నారో ఆయన చెప్పారు. సంతకు ఏ దారిన పోయారో చెప్పారు. ఆ దారి ఎందుకు తిన్నని దారి కాదో చెప్పారు. వంటింట్లోంచి ఫ్లోరా, పులుసు చల్లారిపోతోందని, ఇద్దరూ రండని పిలిచింది.

"వస్తాం ఆంటీ," అంది ఫేబీ, ఆయన వైపు నుంచి చూపు తిప్పకుండా. "గేదె ఇంకా సంత దాటలేదు."